బేక్డ్ ఓట్స్ మధ్యలో జిగురుగా మిగలకుండా: నా అనుభవం

అంచులు ఎండిపోయి, మధ్యలో జావలా జిగురుగా ఉండటం, పైకి తేలిన కిస్‌మిస్‌లు మాడి చేదెక్కడం. ఓవెన్‌లో కేకులా కాల్చే నా బేక్డ్ ఓట్స్‌తో ఇదే ఇబ్బంది. వేడి పెంచడం, ఎక్కువసేపు ఉంచడం, పాలు తగ్గించడం, ఏదీ పనిచేయలేదు.

చివరికి కుదిరింది ఇలా. గింజ తీసిన 6 ఖర్జూరాలు, 3 అంజీర్‌లు చిన్న ముక్కలుగా కోసి, గుప్పెడు కిస్‌మిస్‌తో కలిపి అర కప్పు వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టాను. ఆ నీళ్లు పారబోయొద్దు, తీపి కొంత వాటిలోకి దిగుతుంది. అందుకే బెల్లం, చక్కెర అక్కర్లేకపోయింది. అందులోనే బాగా మగ్గిన అరటిపండు మెదిపి, ఒక గుడ్డు, ఒకటింబావు కప్పు పాలు, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి వేసి గిలక్కొట్టాను. తర్వాత 2 కప్పుల రోల్డ్ ఓట్స్ (అటుకుల్లా కాస్త మందంగా అణిచినవి). ఇన్‌స్టంట్ రకం పలుచగా ఉండి ఇట్టే మెత్తబడిపోతుంది, దీనికి పనికిరాదు.

అసలు తేడా ఇక్కడే వచ్చింది. కలిపిన వెంటనే ఓవెన్‌లో పెట్టకుండా 15 నిమిషాలు వదిలేశాను. ఓట్స్ తడి పీల్చుకుని మిశ్రమం చిక్కబడింది, పండ్ల ముక్కలు ఉన్నచోటే నిలిచాయి. అప్పుడు ఒక టీస్పూన్ బేకింగ్ పౌడర్ కలిపి, నెయ్యి రాసిన 8 అంగుళాల గిన్నెలో పోసి, పైకి కనిపించే కిస్‌మిస్‌లను చెంచాతో లోపలికి నొక్కాను. ముందే వేడిచేసిన ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర 35 నిమిషాలు. తీశాక కనీసం పావుగంట ఆగి కోయండి, చల్లారేకొద్దీ మధ్యభాగం గట్టిపడుతుంది.

నాది చిన్న ఓటీజీ (కరెంటు ఓవెన్). కన్వెక్షన్ మైక్రోవేవ్ అయితే సమయం మారొచ్చు, 28 నిమిషాల నుంచే పుల్ల గుచ్చి చూడటం మంచిది.