నైరోబీకి కొత్తగా వచ్చిన అక్కచెల్లెళ్లకు

భర్త ఉద్యోగం కోసం నైరోబీ చేరి, చదువుకున్న చదువును పెట్టె అడుగున దాచేసిన ఆడవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇల్లు ఎక్కడ తీసుకోవాలో, కందిపప్పు ఎక్కడ దొరుకుతుందో చెప్పేవాళ్లు మీకు వారంలోనే పదిమంది తగులుతారు. అందుకే ఆ సంగతులు రెండు ముక్కల్లో ముగిస్తాను.

భూమధ్యరేఖ పక్కనే కదా అని నూలు బట్టలతోనే రాకండి. ఊరు దాదాపు 1,700 మీటర్ల ఎత్తున ఉంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పొద్దున్నే స్వెట్టర్ లేకుండా పిల్లల్ని బడికి పంపలేరు. ఎల్లో ఫీవర్ టీకా కార్డు పాస్‌పోర్టుతో పాటే ఉంచండి, ఇండియాకు వెళ్లినప్పుడు విమానాశ్రయంలో అడుగుతారు. మూడు నెలలకు మించి ఉండేవాళ్లు విదేశీయుల నమోదు కార్డు తీసుకోవాలి. ఫోనులో ఎం-పెసా పెట్టించుకోండి. కూరగాయల బండి దగ్గర కూడా చెల్లింపు దానితోనే. సరుకులకు పార్క్‌లాండ్స్ వైపు వెళితే కరివేపాకుతో సహా అన్నీ ఉంటాయి.

గంటల లెక్క మాత్రం జాగ్రత్తగా నేర్చుకోండి. సువాహిలీలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. మన ఏడు గంటలు వాళ్లకు ‘సా మోజా’, అంటే ఒకటో గంట. కుళాయి బాగుచేసే అతను ‘సా టానో’కు వస్తానంటే టానో అంటే అయిదు కదా అని, ఆ పూట బయటికి వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరాను. పాపం అతను పదకొండింటికే వచ్చి, గేటు దగ్గర చాలాసేపు నిలబడి వెళ్లిపోయాడని కాపలాదారు చెప్పాడు. మన పెద్దవాళ్లు సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కపెట్టేవాళ్లని గుర్తుపెట్టుకుంటే ఇది సులువుగానే పట్టుబడుతుంది.

ఇక అసలు విషయం. డిపెండెంట్ పాస్ మీద వచ్చినవాళ్లకు ఉద్యోగం చేసే హక్కు లేదు. దానికి వేరే పర్మిట్ కావాలి. జీతం లేని పనికైనా ముందు ఇమ్మిగ్రేషన్ వాళ్లను అడిగి తెలుసుకోండి. మొదటి నెలల్లో ఆ మాట గుండెలో రాయిలా పడుతుంది. నాకూ పడింది. ఆ రోజుల్లోనే ఒకసారి మ్యూజియం హిల్ ఎక్కి నేషనల్ మ్యూజియానికి వెళ్లి, మనిషి పూర్వీకుల శిలాజాలను వెతికిన మీవ్ లీకీ అనే శాస్త్రవేత్త గురించి తెలుసుకున్నాను.

ఆమె 1942లో లండన్‌లో పుట్టారు. వేల్స్‌లోని బాంగోర్‌లో జంతుశాస్త్రం, సముద్ర జీవశాస్త్రం చదివారు. సముద్రం మీద పరిశోధన చేయాలన్నది కోరిక. పరిశోధన నౌకల్లో ఆడవాళ్లు ఉండటానికి వసతి లేదని ఆ దారి మూసుకుపోయింది. పత్రికలో ప్రకటన చూసి, 1965లో నైరోబీ దగ్గర టిగోనీలో, మనిషి పుట్టుకను పరిశోధించే లూయిస్ లీకీ నడిపే కోతుల పరిశోధన కేంద్రంలో చేరారు. కోతుల ముందుకాళ్ల ఎముకల మీద పనిచేసి 1968లో డాక్టరేట్ అందుకున్నారు. మనిషి పుట్టుక గురించి అప్పటికి ఆమె చదివింది లేదు. అయినా ఎముకను చేతిలోకి తీసుకుని అది ఏ జంతువుదో, ఏ భాగానిదో పోల్చుకునే చూపు అక్కడే అబ్బింది. మరుసటి ఏడాది లూయిస్ కొడుకు రిచర్డ్, ఉత్తర కెన్యాలోని తుర్కానా సరస్సు తూర్పు ఒడ్డున కూబీ ఫోరాలో తవ్వకాలకు పిలిచినప్పుడు పనికొచ్చింది ఆ చూపే. 1970లో వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు.

1972లో బెర్నార్డ్ న్గెనియో అనే కెన్యా అన్వేషకుడు అక్కడి వాలులో పుర్రె ముక్కలు చూశాడు. జల్లెడ పట్టి ఏరితే నూట యాభైకి పైగా తేలాయి, కొన్ని గోరంతే. ఏ అంచు ఏ అంచుతో కలుస్తుందో చూస్తూ వాటిని వారాల తరబడి అతికినవారిలో మీవ్ ముఖ్యులు. ఆమెకు పెద్దకూతురు లూయీజ్ పుట్టింది కూడా ఆ ఏడాదే. ఆ పుర్రె నంబరు 1470. మ్యూజియంలో అది కనబడితే ముఖం మీద ఆ అతుకుల గీతలు దగ్గరగా చూడండి. దాని వయసు దాదాపు 19 లక్షల ఏళ్లు.

1982 నుంచి 2001 దాకా ఆ మ్యూజియం శిలాజ విభాగానికి ఆమే అధిపతి. 1989లో రిచర్డ్ వన్యప్రాణి శాఖ బాధ్యతలకు వెళ్లగా, తుర్కానా తవ్వకాల నాయకత్వం ఆమె చేతికి వచ్చింది. 1994లో కనపోయి దగ్గర పీటర్ న్జుబే దవడ ఎముకను, కమోయా కిమేయు మోకాలి కింది ఎముకను కనుగొన్నారు. ఆ ఎముక పైకొన వెడల్పుగా, బరువు మోయడానికి వీలుగా ఉంది. అంటే 40 లక్షల ఏళ్ల కిందటే ఆ జీవులు రెండు కాళ్ల మీద నడిచేవి. తుర్కానా భాషలో ‘అనమ్’ అంటే సరస్సు. దాన్నిబట్టే 1995లో ఆ జాతికి ఆస్ట్రలోపిథెకస్ అనమెన్సిస్ అని పేరుపెట్టారు. 1999లో జస్టస్ ఎరుస్‌కు దొరికిన చదును ముఖం పుర్రె 35 లక్షల ఏళ్లది. దానికి కెన్యాంత్రోపస్ అనే కొత్త ప్రజాతి పేరే ఇవ్వవలసి వచ్చింది.

ఆమె కథలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ కెన్యా అన్వేషకుల పేర్లు. నేలమీది రాళ్లలో ఎముకను వేరుచేసి చూడగల కళ్లు వాళ్లవి. కొత్త దేశంలో మనకు మొదటి గురువులు ఇలాంటి స్థానికులే. మీ ఇంటి కాపలాదారుకు, కూరలమ్మే ‘మామా’కు (సువాహిలీలో అమ్మ అని) ‘హబారి’ అని ఆగి నమస్కరించండి. క్షేమం అడగకుండా నేరుగా పనిలోకి దిగడం ఇక్కడ అమర్యాద.

కెన్యా మ్యూజియం సొసైటీలో సభ్యత్వం తీసుకుంటే ఉపన్యాసాలు వినవచ్చు, యాత్రలకు వెళ్లవచ్చు. దానికి పర్మిట్ అక్కరలేదు. నమోదు కార్డు చేతికొచ్చాక మ్యూజియంలో నివాసుల ధరకు టికెట్ అడగండి.

తుర్కానా చాలా దూరం, మొదటి ఏడాది వద్దు. ఒలొర్గెసైలీ అనే పాత తవ్వకాల చోటుకు మాత్రం ఒక్కరోజులో వెళ్లి రావచ్చు. మగాడీ రోడ్డు మీద డెబ్బై కిలోమీటర్ల దూరం. 1940లలో అక్కడ తవ్వినవారు లూయిస్, ఆయన భార్య మేరీ లీకీ. మేరీ అంటే మీవ్‌కు అత్తగారు. కాలేజీ పట్టా లేకుండానే పురావస్తు శాస్త్రంలో ఆమె గొప్ప పేరు తెచ్చుకున్నారు. లక్షల ఏళ్ల నాటి రాతి చేతిగొడ్డళ్లు దొరికిన చోటే వందల కొద్దీ పరచి ఉంటాయి, వాటి మీదుగా కట్టిన చెక్కదారి మీద నడుస్తూ చూడాలి. కడప, కర్నూలు ప్రాంతాల్లో దొరికిన చేతిగొడ్డళ్లు చూసినవాళ్లకు ఆ ఆకారం వెంటనే తెలిసిపోతుంది. రిఫ్ట్ లోయలోకి దిగేకొద్దీ ఎండ ముదురుతుంది. ఆరింటికల్లా, అంటే ‘సా కుమి నా మ్బిలి’కి బయలుదేరండి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, టోపీ, పులిహోర డబ్బా సరిపోతాయి.