గల్ఫ్ పనికి వీసా: ఏ కాగితం ముందు, ఏది తర్వాత?

గల్ఫ్‌లో పదకొండేళ్లు పనిచేసి ఊరికి వచ్చేశాక, నెలకు ఇద్దరు ముగ్గురైనా మా ఇంటికి ఫోన్ పట్టుకుని వస్తుంటారు, "అన్నా, వీసా వచ్చింది, ఒక్కసారి చూడు" అంటూ. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో, సగం మసక, పైనుంచి కిందిదాకా అరబ్బీ. "పైసలు ఎంత కట్టినవ్?" అని అడిగితే అప్పటికే సగం కట్టేసి ఉంటారు, అదీ అప్పు తెచ్చి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఇది మాకు అలవాటైన కథే, అటు రాయచోటి, రాజంపేట నుంచి కువైట్ పోయేవాళ్లదీ ఇదే కథ. వీళ్లలో ఎవరూ తెలివితక్కువవాళ్లు కాదు. వరుస తప్పుతోంది, అంతే. చివర్లో ఇవ్వాల్సిన డబ్బు ముందే ఇస్తారు, ముందే చూడాల్సిన కాగితం విమానం ఎక్కే రోజు చూస్తారు. అందుకే ఆ వరుస ఇక్కడ రాస్తున్నాను. కూలి, మేస్త్రీ, డ్రైవర్, క్లీనింగ్, ఇంటి పని లాంటి వాటికి వెళ్లేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నది ఇది, ఆఫీసు ఉద్యోగాల వాళ్లకు కొంతవరకే పనికొస్తుంది.

ముందు మీ పాస్‌పోర్టు తెరవండి

అందులో 'ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్' అని ఉందా చూడండి. ఉంటే మీది ఈసీఆర్ పాస్‌పోర్టు. మామూలుగా పదో తరగతి పాస్ కానివాళ్లకు ఇది వేస్తారు. సౌదీ, యూఏఈ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్, మలేషియా, ఇరాక్ కలిపి మొత్తం 18 దేశాలకు ఈ పాస్‌పోర్టు మీద పనికి వెళ్లాలంటే ప్రభుత్వం నుంచి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. 2007 జనవరి తర్వాత ఇచ్చిన పాస్‌పోర్టులో ఆ మాట ఎక్కడా లేకపోతే మీకు ఆ క్లియరెన్స్ అక్కర్లేదు.

చాలామంది ఈసీఆర్ అంటే ఏదో మచ్చ అనుకుని, దాన్ని తీసేయించడానికి దొంగ టెన్త్ మెమో కొంటారు. చేయకండి. పట్టుబడితే కేసు అవుతుంది, ఆ సంగతి పక్కన పెట్టినా, ఈసీఆర్ దారిలో వెళ్తే మీ కాంట్రాక్టు ప్రభుత్వ రికార్డులో ఉంటుంది, ఇన్సూరెన్స్ ఉంటుంది. నిజంగా టెన్త్ పాసై ఉండి, పాస్‌పోర్టు తీసుకునేటప్పుడు మెమో పెట్టకపోతే మాత్రం రీఇష్యూకి పెట్టుకోండి, తప్పు లేదు.

పాస్‌పోర్టుకు ఇంకా కనీసం ఆరు నెలల గడువు ఉండాలి, ఏడాది పైన ఉంటే ఇంకా మంచిది. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవాళ్లు దాన్ని ఇప్పుడే సరిచేయించుకోండి. ఆధార్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా పేరుంటే అదీ ఇప్పుడే. వీసా ఒకసారి తప్పు పేరుతో వచ్చిందంటే ఇక ఏజెంటు చుట్టూ, కంపెనీ చుట్టూ తిరగడమే పని.

ఏజెంటు ఎవరు?

విదేశీ పనులకు మనుషుల్ని పంపాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉండాలి. కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో లైసెన్సు ఉన్న ఏజెంట్ల జాబితా ఉంటుంది, రద్దయినవాళ్లదీ ఉంటుంది. ఏజెంటు విజిటింగ్ కార్డు మీద రిజిస్ట్రేషన్ నంబరు లేకపోతే అడగండి, ఇచ్చిన నంబరును ఆ సైట్‌లో కొట్టి, వచ్చిన పేరూ ఊరూ ఆ కార్డు మీద ఉన్నవేనా అని చూడండి. ఎందుకంటే నంబరు నిజమైనదే, మనిషి వేరే అయిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ఊళ్లో మనకు దొరికేది ఎక్కువగా సబ్ ఏజెంటే. మన కులం, మన బంధువు, పెళ్లిలో పక్కన కూర్చుని అన్నం తిన్నవాడు. వాడు చెడ్డవాడని నేను అనడం లేదు గానీ చట్టంలో సబ్ ఏజెంట్ అనే మనిషే లేడు. రేపు గొడవైతే "నేను పరిచయం చేసిన, అంతే" అంటాడు, మీ దగ్గర చూపించడానికి చీటీ ముక్క కూడా ఉండదు. అతను చూపిన పని నచ్చితే, ఏ లైసెన్సు ఆఫీసు తరఫున వచ్చిందో కనుక్కుని నేరుగా ఆ ఆఫీసుకే వెళ్లండి.

ఇక డబ్బు. లైసెన్సు ఉన్న ఏజెంటు మీ దగ్గర తీసుకోగలిగింది గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే మొత్తం 35,400. లక్ష, లక్షన్నర అడగడం మామూలైపోయింది కాబట్టి ఈ మాట చెప్తే నవ్వుతారు, నవ్వనివ్వండి. రూల్ ఇదే. ఇచ్చేది బ్యాంకు ద్వారా ఇచ్చి రసీదు తీసుకోండి. "రసీదు ఇస్తే జీఎస్టీ పడుతుంది, చేతికివ్వు" అన్నాడంటే, ఆ మాటతోనే వాడెలాంటివాడో తెలిసిపోతుంది.

ప్రభుత్వ సంస్థలూ ఉన్నాయి: తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్. అక్కడ పని మీరు అనుకున్నప్పుడు దొరక్కపోవచ్చు, కొన్నిసార్లు నెలల తరబడి ఆగాలి కూడా, అయినా ముందు అక్కడ పేరు రాయించుకుని ఆ తర్వాతే బయట వెతకండి. ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఈ దేశాల్లో పనికి వెళ్లే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి, ఇంటి పనికైతే ప్రభుత్వం అనుమతించిన ఇలాంటి సంస్థల ద్వారానే వెళ్లాలి. "వయసు ఎక్కువ వేయించి పంపిస్తా" అనే ఏజెంటు గడప దాటనివ్వకండి.

ఏ వీసా?

మూడు మాటలు వినపడతాయి: కంపెనీ వీసా, ఆజాద్ వీసా, విజిట్ వీసా.

కంపెనీ వీసా అంటే పని ఇచ్చేవాడే మీ పేరున తీసేది, మీరు వెళ్లాల్సింది దాని మీదే. ఆజాద్ వీసా అనేది ఏ దేశం చట్టంలోనూ లేదు. ఎవడో ఒక కఫీల్ (అంటే వీసాకు స్పాన్సర్‌గా ఉండే అక్కడి యజమాని) పేరున వీసా తీసి, అక్కడికి వెళ్లాక "నీ పని నువ్వు వెతుక్కో, నాకు నెలనెలా ఇంత కట్టు" అనడాన్ని మనవాళ్లు ఆజాద్ అంటున్నారు. పని బాగుంటే నాలుగు డబ్బులు ఎక్కువే వస్తాయి, నిజమే, నేనూ అలాంటివాళ్లను చూశాను. కానీ వీసా ఒకడి దగ్గర, పని ఇంకొకడి దగ్గర అంటే చెకింగ్‌లో దొరికిన రోజు నువ్వు ఖల్లివెల్లివే, అంటే సరైన కాగితాలు లేకుండా ఉన్నవాడివే.

విజిట్ వీసా దగ్గరే అసలు బోల్తా. "ముందు విజిట్ మీద పో, అక్కడ మార్పిస్తా" అంటారు. యూఏఈలో కంపెనీ ఒప్పుకుంటే అలా మార్చే వీలు ఉంది కాబట్టి ఆ మాట నమ్మబుద్ధి అవుతుంది కూడా. కానీ మారేదాకా పని చేయడం నేరం, గడువు దాటితే రోజుకు 50 దిర్హమ్‌ల జరిమానా, మీరు ఇక్కడ క్లియరెన్స్ లేకుండా వెళ్లారు కాబట్టి ఇన్సూరెన్స్ లేదు, కాంట్రాక్టు లేదు. రెండు నెలలు మార్చకుండా ఊరుకుంటే 3,000 దిర్హమ్‌లు ఎక్కడి నుంచి తెస్తారు? "ఎయిర్‌పోర్టులో సెట్టింగ్ చేస్తాం" అనే మాట వినగానే లేచి వచ్చేయండి.

వీసా కాగితం, కాంట్రాక్టు: ఇక్కడ తొందర వద్దు

ఒక పిల్లాడి సంగతి చెప్తాను. ఇరవై రెండేళ్లుంటాయి, సౌదీలో తోట పని అని చెప్పారట, జీతం 1,400 రియాళ్లు, తిండి వాళ్లదే. కాగితం ప్రింటు తీయించి తీసుకొచ్చాడు. నేను చూసేది ఎప్పుడూ ఒకే గడి, వృత్తి అని ఉండేది. అక్కడ 'రాయీ అగ్నామ్' అని ఉంది. మన రాయి కాదు, అరబ్బీలో రాయీ అంటే కాపరి. ఎడారిలో గొర్లు కాసే పని. విషయం చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు, గ్లాసులో నీళ్లు తాగి, "గొర్లు మా ఇంట్లోనే ఉన్నాయి కదన్నా" అన్నాడు. నలభై వేలు అప్పటికే కట్టాడు, తిరిగి రాబట్టడానికి నాలుగు నెలలు పట్టింది, పూర్తిగా రాలేదు కూడా.

కాబట్టి అరబ్బీ చదవగలిగిన మనిషిని వెతకండి. ప్రతి మండలంలో గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు ఉంటారు, మసీదులో అడిగినా చదివిపెడతారు. 'సాయిక్ ఖాస్' అని ఉంటే ఇంటి డ్రైవర్, కంపెనీ డ్రైవర్ కాదు, రెంటికీ చాలా తేడా. 'ఆమిల్' అంటే కూలి. కువైట్‌కైతే 18 నంబరు వీసా కంపెనీ పనికి, 20 నంబరు ఇంటి పనికి. హోటల్ పని అని చెప్పి 20 ఇచ్చారంటే అప్పుడే ఆగిపోండి.

వీసా నిజమైనదా కాదా అన్నది కూడా మీరే చూసుకోవచ్చు. సౌదీ వీసాను వాళ్ల విదేశాంగ శాఖ వీసా సైట్‌లో, యూఏఈ ఎంట్రీ పర్మిట్‌ను అక్కడి ప్రభుత్వ ఐసీపీ సైట్‌లో, దుబాయ్‌దైతే జీడీఆర్‌ఎఫ్‌ఏ అనే ప్రభుత్వ సైట్‌లో నంబర్లు కొట్టి చూడాలి. నెట్ సెంటర్‌లో పది నిమిషాల పని. సౌదీ వాళ్లు 2023 నుంచి మన పాస్‌పోర్టులో స్టిక్కర్ అతికించడం మానేసి క్యూఆర్ కోడ్ ఉన్న కాగితం ఇస్తున్నారు, కాబట్టి స్టిక్కర్ లేదని కంగారు పడకండి.

కాంట్రాక్టులో చూడాల్సింది: బేసిక్ జీతం ఎంత, ఓటీ (ఓవర్‌టైమ్) విడిగా ఉందా, డ్యూటీ ఎన్ని గంటలు, రూమ్, తిండి ఎవరివి, ఎన్నేళ్లు, పూర్తయ్యాక టికెట్ ఎవరిది. ఏజెంటు నోటితో చెప్పిన జీతం ఓటీ కలిపిన లెక్క అయి ఉంటుంది చాలాసార్లు.

మెడికల్, పీసీసీ, వేలిముద్రలు

మెడికల్‌కు ముందు ఉన్న పని మానేయకండి, ఎద్దులు అమ్మకండి, ఎందుకంటే అన్‌ఫిట్ వస్తే అంతా అక్కడితో ఆగిపోతుంది. గల్ఫ్ దేశాల మెడికల్‌కు వాఫిద్ అనే సైట్‌లో స్లిప్ తీసుకుని, వాళ్ల గుర్తింపు ఉన్న సెంటర్‌కే వెళ్లాలి, దీన్నే మనవాళ్లు ఇప్పటికీ గామ్కా అంటారు. ఛాతీ ఎక్స్‌రే, రక్త పరీక్షల్లో టీబీ, హెచ్ఐవీ, హెపటైటిస్ చూస్తారు. ఎప్పుడో తగ్గిపోయిన టీబీ మచ్చ ఎక్స్‌రేలో కనపడినా ఆపేస్తారు. అలాంటిది ఉన్నవాళ్లు ముందే ఊళ్లో ఒక ఎక్స్‌రే తీయించుకుంటే ఖర్చు, టెన్షన్ రెండూ తగ్గుతాయి.

పోలీస్ క్లియరెన్స్, అంటే పీసీసీ, పాస్‌పోర్ట్ సేవా సైట్‌లోనే పెట్టుకోవాలి, ఫీజు 500 రూపాయలు. ఏజెంటు మూడు వేలు అడిగితే ఆ తేడా ఎవరి జేబులోకో మీకే తెలుసు. ఖతర్‌కు వెళ్లేవాళ్లకు హైదరాబాద్‌లోనే ఖతర్ వీసా సెంటర్ ఉంది, మెడికల్, వేలిముద్రలు, కాంట్రాక్టు సంతకం అన్నీ అక్కడే. ఏజెంటు చెప్పినదానికీ అక్కడ చూపించిన కాంట్రాక్టుకూ తేడా ఉంటే సంతకం పెట్టకుండా బయటికి రావచ్చు, సిగ్గుపడకండి. సౌదీకి వేలిముద్రలు తషీర్ అనే వాళ్ల వీసా సెంటర్‌లో. ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్, ఏసీ మెకానిక్ లాంటి పనులకు సౌదీ వాళ్లు స్కిల్ టెస్ట్ కూడా పెడుతున్నారు.

క్లియరెన్స్, ఇన్సూరెన్స్, టికెట్

ఈసీఆర్ వాళ్లకు ఈమైగ్రేట్‌లో క్లియరెన్స్ వచ్చాకే టికెట్. అందులో కంపెనీ పేరు, జీతం, పని చూసి మీ కాగితాలతో పోల్చండి. దాంతోపాటే ప్రవాసీ భారతీయ బీమా యోజన తీసుకోవాలి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పని చేయలేని స్థితి వచ్చినా 10 లక్షలు. పాలసీ కాగితం ఇంట్లో ఇచ్చి వెళ్లండి, ఎందుకంటే ఆ డబ్బు అడగాల్సింది ఇంట్లోవాళ్లే, వాళ్లకు అలాంటిది ఒకటుందని కూడా చాలాసార్లు తెలియదు.

వెళ్లే ముందు ఒక రోజు శిక్షణ ఉంటుంది, పీడీఓటీ అంటారు, ఉచితం. ఏసీ గదిలో కూర్చుని వినడమే కదా అని ఎగ్గొట్టకండి, వెళ్లే దేశం చట్టాలు, కష్టమొస్తే ఎవరిని అడగాలి అన్నవి అక్కడ చెప్తారు.

ఇక చివరి పని. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, పాలసీ, ఏజెంటు రసీదు మూడు సెట్లు జిరాక్స్ తీయండి. ఒకటి బ్యాగులో, ఒకటి ఇంట్లో, ఒకటి నమ్మకమైన స్నేహితుడి దగ్గర. ఫొటోలు మీ మెయిల్‌కు పంపుకోండి. యూఏఈలో యజమాని మీ పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకోవడం చట్టానికి విరుద్ధం, అయినా అడుగుతారు, అందుకే ఈ కాపీలు. తర్వాత ఇంట్లో గోడ క్యాలెండర్ మీద పెద్ద అక్షరాలతో రెండు నంబర్లు రాయండి: ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం 1800 11 3090, యూఏఈలో ఉన్నవాళ్లు అక్కడి నుంచి చేయడానికి 800 46342. పక్కనే కంపెనీ పేరు, క్యాంపు ఉన్న ఊరు కూడా రాయండి. మా అమ్మకు చదువు రాదు, అయినా నేను సౌదీలో ఉన్నన్నాళ్లూ ఎవరు ఇంటికొచ్చినా "మా పిలగాడు ఉండేది ఇక్కడ, సదువు" అని ఆ క్యాలెండర్ చూపించేదట.