వంతెన కనబడితే సముద్రం వైపు తిరగండి

విశాఖ నుంచి ఇచ్ఛాపురం దాకా హైవే మీద దాదాపు 240 కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం భోజనాల వేళకి తేలిపోతుంది. దారి పొడుగునా సముద్రం కుడిపక్కనే ఉంటుంది గానీ హైవే లోపలికి జరిగిపోవడం వల్ల ఒక్క అల కూడా కనబడదు. అందుకే జనం రుషికొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి చూసేసి, ఉత్తరాంధ్ర తీరం అయిపోయిందనుకుని వెనక్కి తిరిగేస్తారు. ఒక్క శ్రీకాకుళం జిల్లాకే 193 కిలోమీటర్ల తీరం ఉందండీ బాబూ.

ఫోన్లో 'దగ్గర్లో చూడదగ్గ ప్రదేశాలు' అని కొడితే ఎవరికైనా అవే పది పేర్లు వస్తాయి, అందరూ ఫొటోలు పెట్టిన చోట్లే కదా అది చూపించేది. నేను అది మానేసి ఎప్పట్నుంచో ఒకటే పద్ధతి పట్టుకున్నాను. హైవే మీద నది వంతెన వచ్చినప్పుడల్లా బోర్డు మీద నది పేరు చూడటం, ఆ నది సముద్రంలో ఎక్కడ కలుస్తుందో వెతకడం. ఆ కలిసే చోటునే జాలర్లు మొగ అంటారు. తగరపువలస దగ్గర గోస్తని దాటతాం, దాని మొగ భీమిలి. తర్వాత చంపావతి, దానికి కోనాడ. శ్రీకాకుళం దగ్గర నాగావళి, దానికి కళ్లేపల్లి. మడపాం దగ్గర వంశధార, దానికి కళింగపట్నం. ఇంకా పైకెళ్తే మహేంద్రతనయ బారువలో, బాహుదా డొంకూరులో కలుస్తాయి. ఆరు నదులు, ఆరు మొగలు. వీటిలో భీమిలి తప్ప మిగతా ఐదింటి పేర్లు మా ఆఫీసులో సగం మందికి తెలియవు.

మొగల దగ్గరే ఎందుకంటే, పడవ మొగ లోపలికి వచ్చేస్తే అలల దెబ్బ తగలదు. కాబట్టి పాతకాలంలో రేవులు అక్కడే వెలిశాయి, వాటి వెనకే గిడ్డంగులు, లైట్‌హౌస్‌లు, తెల్లదొరల సమాధులు వచ్చాయి. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు, 1861లోనే మునిసిపాలిటీ ఏర్పడటం అన్నీ ఆ రేవు పుణ్యమే. రేవులు ఎప్పుడో మూతపడ్డాయి, చోట్లు మాత్రం మిగిలాయి. ఊరి పేరు చివర పట్నం అనో బందరు అనో ఉంటే అక్కడ ఒకప్పుడు వ్యాపారం నడిచిందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. కొండల పేర్లూ అంతే. తొట్లకొండకి ఆ పేరు వచ్చింది బౌద్ధ భిక్షువులు వాననీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లే, బావికొండ పేరు వెనకా అలాంటి కథే. పేరు వింతగా ఉందంటే కారు ఆపి అడగాల్సిందే.

ఇక్కడ ఒక చిక్కుంది. మొగకి రెండు గట్లుంటాయి, మనకి కావాల్సిన ఊరు ఏ గట్టున ఉందో ముందే చూసుకోవాలి. కళింగపట్నం వంశధారకి దక్షిణపు గట్టున ఉంది, అంటే మడపాం వంతెన ఎక్కకముందే తిరిగిపోవాలి, కోనాడకైతే చంపావతి దాటాక. గట్టు తప్పితే ఊరు ఎదురుగా కనబడుతూనే ఉంటుంది, చేరాలంటే మళ్లీ హైవే దాకా వెనక్కొచ్చి చుట్టి రావాలి. మ్యాప్‌ని శాటిలైట్ వ్యూలో పెట్టి ముందురోజు రాత్రే చూసుకోండి. తెల్లగా ఇసుక తిన్నె, దాని వెనక నీళ్లు, ముదురాకుపచ్చ పట్టీలా సరుగుడు తోట కనబడితే ఆ చోటు గుర్తు పెట్టుకోండి.

అయితే మ్యాప్‌లో కనబడే ప్రతి గీతా రోడ్డు కాదు. కోనాడ వైపు ఒకసారి సరుగుడు తోట మధ్య సన్న గీత చూసి కారు పోనిచ్చాను. రెండొందల గజాలు వెళ్లేసరికి ముందు చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి, నేను యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా లోపలికి. వల భుజాన వేసుకుని వస్తున్న ఓ పెద్దాయన 'రేసు చెయ్యకు బాబూ, బండి పొట్ట నేలకి ఆనిపోద్ది' అని, కుర్రాళ్లని పిలిచి, చక్రాల కింద కొబ్బరి మట్టలు అడ్డంగా పరిపించి, టైర్లలో గాలి కొంచెం తీయించాడు. అరగంటలో బయటపడ్డాం. డబ్బులిస్తే తీసుకోలేదు. అప్పట్నుంచి తారు రోడ్డు ఎక్కడ ఆగితే నా కారూ అక్కడే ఆగుతుంది, మిగతాది నడకే.

ఒక్కరోజే ఉందంటే వేరే ఆలోచన పెట్టుకోకుండా శ్రీకాకుళంలో దిగి గార వైపు వెళ్లండి. పదమూడు కిలోమీటర్లలో శ్రీకూర్మం వస్తుంది. ఈ గుడికి రెండు ధ్వజస్తంభాలు, లోపల నక్షత్ర తాబేళ్లు. అక్కణ్నుంచి కళింగపట్నం. లైట్‌హౌస్, మొగ, సాయంత్రం వేళ మన నీడ తప్ప ఇంకెవరూ లేని ఇసుక. తిరిగొచ్చేటప్పుడు శాలిహుండం కొండ ఎక్కండి. ఇటుక స్తూపాల మధ్య నిలబడి చూస్తే కింద వంశధార వెడల్పుగా మలుపు తిరుగుతూ కనబడుతుంది, ఎండ తగ్గాక ఎక్కితే దిగబుద్ధి కాదు. నన్నడిగితే ఈ ఆరు మొగల్లో మొదటి మార్కు కళింగపట్నానికే.

టెక్కలి దాటకముందు తేలినీలాపురం చూడాలంటే అక్టోబరు నుంచి మార్చి లోపు వెళ్లాలి, గూడబాతులూ రంగు కొంగలూ ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కడతాయి. పక్కనే నౌపడ ఉప్పు మడులు. బారువ దగ్గర జనవరి నుంచి మార్చి దాకా సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, రాత్రిపూట టార్చి, ఫ్లాష్ వెయ్యకండి, వెలుతురుకి అవి దారి తప్పుతాయి. అక్టోబరు, నవంబరుల్లో మాత్రం తుపాన్లతో జాగ్రత్త. హుద్‌హుద్ 2014 అక్టోబరులో వచ్చింది, తిత్లీ 2018 అక్టోబరులో ఉద్దానం కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసింది. వాతావరణ హెచ్చరిక చూసుకోకుండా ఆ నెలల్లో తీరం వైపు బండి తీయడం తెలివితక్కువ పని.

అడగడం కూడా ఒక పనే. 'ఇక్కడ చూడ్డానికి ఏముంది?' అంటే ఎవరైనా గుడి పేరే చెప్తారు. 'తాతా, మొగ దగ్గరికి దారెటు? లైట్‌హౌస్ ఎటువైపు? అలివి వల ఎప్పుడు లాగుతారు?' అని అడిగి చూడండి, టీకొట్టు దగ్గర నలుగురూ ఒకేసారి మాట్లాడతారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మరపడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేసుకుంటూ కూర్చున్నవాళ్లకి కబుర్లు చెప్పే తీరికా ఉంటుంది. ఎండ మాత్రం మాడ్చేస్తుంది.

మొగలో స్నానం వద్దు. పైకి నీళ్లు నిలకడగా కనబడతాయి, కింద నదీ పోటూ ఒకదాన్నొకటి తోసుకుంటుంటాయి, నిన్న మోకాళ్ల లోతు ఉన్న చోట ఇవాళ మనిషి లోతు ఉండొచ్చు. పౌర్ణమికీ అమావాస్యకీ మరీ జాగ్రత్త. ఈ ఊళ్లలో హోటళ్లు దాదాపు ఉండవు కాబట్టి నీళ్లు, తిండి హైవే మీదే సర్దుకోండి, డిక్కీలో ఒక ఐస్ డబ్బా పెట్టుకోండి. పొద్దున ఏడింటికి వల ఒడ్డుకి చేరే వేళకి అక్కడుంటే కోనాం చేప దొరకొచ్చు. జీడిపప్పు మాత్రం వెళ్లేటప్పుడు కొనకండి, తిరుగు ప్రయాణంలో పలాసలో కొంటే సరి, లేకపోతే పిల్లలు దారిలోనే ఖాళీ చేసేస్తారు.