కోర్టు జూనియర్ అసిస్టెంట్ దరఖాస్తు: లోకల్ గడి దగ్గర ఆగి చూసుకోండి

ఆంధ్రప్రదేశ్ జిల్లా కోర్టుల్లో జూనియర్ అసిస్టెంట్ పోస్టులకు దరఖాస్తంతా హైకోర్టు వెబ్‌సైటులోనే. ఫోటో, సంతకం, పదో తరగతి మెమో, డిగ్రీ వివరాలు, ఫీజు... గంట పని. నెట్ సెంటరువాళ్లకు కొట్టినపిండి. వాళ్లూ తప్పులో కాలేసేది లోకల్ జిల్లా గడిలో. ఆధార్‌లో చిరునామా చూసి నింపేస్తారు. పరీక్షలో మార్కులొచ్చి, సర్టిఫికెట్ల పరిశీలనకు పిలిచాక గానీ సంగతి బయటపడదు.

ఈ పోస్టుల్లో 80 శాతం లోకల్ అభ్యర్థులకే. ఎవరు లోకలో తేల్చేది బడి. 7, 8, 9, 10 తరగతులు వరసగా ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లాకు లోకల్. ఆ నాలుగేళ్లూ ఒక్కచోట లేకపోతే 4 నుంచి 10 దాకా ఏడేళ్లు లెక్కేసి, ఎక్కువేళ్లు ఎక్కడ చదివారో చూస్తారు.

సఖినేటిపల్లి నుంచి పంటు మీద గోదావరి దాటి నరసాపురం బడికెళ్లిన పిల్లల్నే తీసుకోండి. ఏడులో చేరి పది దాకా అక్కడే చదివితే పశ్చిమ గోదావరి లోకల్, ఇల్లు కోనసీమలో ఉన్నా సరే. ఎనిమిదిలో చేరితే అవతల మూడేళ్లే, ఇవతల నాలుగేళ్లు. పాత జిల్లాల లెక్కలో తూర్పు గోదావరి లోకల్. ఒక్క తరగతి తేడా!

జిల్లా అంటే ఏ జిల్లా? 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినా, అదే ఏడు కోర్టు నోటిఫికేషన్‌లో పాత 13 జిల్లాలే యూనిట్లు. ఆ లెక్కన అమలాపురం, కాకినాడ తూర్పులోకి, భీమవరం పశ్చిమలోకి వస్తాయి. కైకలూరు ఇవాళ ఏలూరు జిల్లా, ఆ లెక్కలో మాత్రం కృష్ణా. ఇక్కడ చాలామంది పొరబడతారు. మీ నోటిఫికేషన్‌లో యూనిట్ల పట్టిక చూడకుండా గడి నింపకండి.

యానాంలో చదివినవాళ్లకు మరో చిక్కు. అది పుదుచ్చేరి. ఇల్లు తాళ్లరేవులో ఉన్నా, నాలుగు నుంచి పది దాకా యానాం బడిలోనే చదివితే నాన్‌లోకల్. తహసీల్దార్ ఇచ్చే నివాస పత్రం బడి మొహం చూడకుండా ప్రైవేటుగా పది కట్టినవాళ్లకు పనికొస్తుంది, వీళ్లకు కాదు.

ఎక్కడ చదివారో చెప్పే రుజువు బడి ఇచ్చే స్టడీ సర్టిఫికెట్. అందులో తరగతికో వరస ఉండాలి: విద్యాసంవత్సరం, బడి, ఊరు, మండలం, జిల్లా. జిల్లా పక్కన పాత జిల్లా పేరూ రాయించుకుంటే తర్వాత ప్రశ్న రాదు. హెడ్మాస్టరు సంతకం కింద బడి ముద్ర సగం పడి, అక్షరాలు అలికినట్టుంటే అప్పుడే మళ్లీ వేయించుకోండి. పేరు, ఇంటిపేరు పది మెమోలో ఉన్నట్టే ఉండాలి. బడి మూతపడితే రికార్డు ఎక్కడుందో మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసులో అడగండి. ఇది నోటిఫికేషన్ రాకముందే తెచ్చుకుని పెట్టుకోవాల్సిన కాగితం. వచ్చాక బడుల దగ్గర క్యూ ఉంటుంది.

"లోకల్ మేం చూసుకుంటాం, కొంత ఖర్చవుతుంది" అనేవాళ్లు కోర్టుల చుట్టుపక్కల కనబడతారు. బడి అడ్మిషన్ రిజిస్టరును వాళ్లేం మార్చలేరు. దొంగ సర్టిఫికెట్ తెస్తే ఉద్యోగం పోవడంతో ఆగదు, కేసూ అవుతుంది. నాన్‌లోకల్ అయితే నాన్‌లోకల్ అనే రాయండి. మిగతా 20 శాతానికి పోటీ పడొచ్చు, దరఖాస్తు చెల్లుతుంది.