కనోలాలో తెల్ల కాండం కుళ్లు: మందు కొట్టాల్సింది పూత దశలోనే

కెనడాలోని సస్కాచువాన్, అల్బెర్టా, మానిటోబా రైతులకు బాగా తెలిసిన బెడద ఇది, స్క్లెరోటీనియా అనే బూజు తెచ్చే కాండం కుళ్లు. కనోలా నూనెగింజల పంట, మన ఆవకు దగ్గరి చుట్టమే. ఆగస్టులో పచ్చటి చేలో అక్కడక్కడ కొన్ని మొక్కలు ముందే పండిపోతాయి. కాండం వెలిసి తెల్లబారుతుంది. మెలితిప్పితే పీచులుగా చీలి, లోపలి నుంచి ఎలుక పెంటికల్లాంటి నల్లటి గట్టి ఉండలు రాలతాయి. అప్పుడిక ఏ మందు కొట్టినా దండగే.

జబ్బు మొదలయ్యేది పూరేకుల దగ్గర. ఆ నల్ల ఉండలు నేలలో ఏళ్ల తరబడి బతుకుతాయి. పైరు కమ్ముకున్నాక నేల పది రోజులపాటు తడిగా ఉంటే, పై 5 సెంటీమీటర్లలో ఉన్నవి మొలిచి గోధుమరంగు చిట్టి పుట్టగొడుగులు పైకొస్తాయి. వాటి బీజాలు ముందు పూరేకు మీద పడతాయి. రేకు రాలి ఆకు పంగలో అతుక్కున్నాక దాన్నే తిని, బలం పుంజుకుని కాండంలోకి దిగుతాయి. అందుకే రేకులు పెద్దగా రాలకముందే మందు పడాలి.

ప్రధాన కాండం మీద విచ్చిన పూలను, పిందెలను కలిపి లెక్కపెట్టండి. 10 ఉంటే 10 శాతం పూత, 15 ఉంటే 20 శాతం, 20 ఉంటే 30 శాతం. 20 నుంచి 50 శాతం లోపు కొట్టాలి. 30 శాతం దగ్గర కొడితే మరీ మంచిది. ఎండలు కాస్తే ఈ గడువు కొద్ది రోజుల్లోనే దాటిపోతుంది, స్ప్రేయర్‌ను ముందే సిద్ధంగా ఉంచుకోండి.

కొట్టాలా వద్దా? పొద్దెక్కాక చేలో నడవండి. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసిందంటే, పైరు దట్టంగా ఉందంటే, కొట్టాల్సిందే. పలచటి పైరు, పొడి నేల అయితే ఆ డబ్బు మిగుల్చుకోండి.

బాస్కాలిడ్, ప్రోథియోకొనజోల్ లాంటి మందులు వాడతారు. మోతాదు లేబుల్ ప్రకారమే. ట్రాక్టర్ స్ప్రేయర్‌తో ఎకరాకు 40 లీటర్ల నీరు తగ్గకూడదు, దట్టమైన పైరుకు 60 నుంచి 75 లీటర్లు పెట్టండి. నీళ్లు తగ్గిస్తే మందు పై పూలకే అంటుకుని కింది పంగల దాకా దిగదు. తేనెటీగలు తిరగని సాయంత్రం వేళ కొట్టండి.

పంట మార్పిడిలో గోధుమ, బార్లీ మేలు. బఠాణీ, పొద్దుతిరుగుడు, చిక్కుళ్లకు ఇదే జబ్బు వస్తుంది. అయితే బీజాలు పక్క చేల నుంచి కూడా గాలికి వస్తాయి కాబట్టి మార్పిడి ఒక్కటే చాలదు.

మందు పనిచేసిందో లేదో తెలియాలంటే చేలో ఒక పట్టీని మందు కొట్టకుండా వదలండి. కోతకు ముందు అక్కడా, కొట్టిన చోటా ఐదేసి తావుల్లో 20 చొప్పున మొక్కలు చూడండి. జబ్బు పడిన మొక్కల శాతంలో సగాన్ని దిగుబడి నష్టంగా లెక్కేయవచ్చు: 20 శాతం మొక్కలకు వస్తే సుమారు 10 శాతం. మొదలు దగ్గర కోసినప్పుడు లోపల నల్లబడి కనిపిస్తే మాత్రం అది బ్లాక్‌లెగ్ అనే వేరే జబ్బు. దాన్ని ఈ లెక్కలో కలపకండి.