కాలేజీ కుస్తీ జట్టు ఆగిపోకుండా పైసలు సర్దుకోవడం ఎట్లా

వరంగల్, హన్మకొండ వైపు చాలా కాలేజీల్లో స్పోర్ట్స్ ఫీజంతా ఒకే ఖాతాలో పడుతుంది. ముందు క్రికెట్ కిట్లు, మ్యాటింగ్, గ్రౌండ్ చదును. తర్వాత కబడ్డీ, వాలీబాల్ జట్ల ప్రయాణాలు. కుస్తీ వంతు వచ్చేసరికి ఖాతాలో ఏమీ మిగలదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిపడ్డ ఏడాదైతే ఆ వంతు అసలే రాదు. ఒక మ్యాట్, కుస్తీ నేర్పే ఒక ఉస్తాద్, ఆరుగురు పిల్లలు ఉంటే నడిచే ఆట ఇది. అయినా ఆగిపోతోందంటే, బడ్జెట్ కాగితం మీద దాని పేరున ఒక పద్దు లేకపోవడమే మొదటి కారణం.

మన దగ్గర క్రికెట్ ఎట్లాగో, అమెరికా కాలేజీల్లో కుస్తీ పక్కన ఉండేది ఫుట్‌బాల్ (బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే వాళ్ల ఆట). టీవీ పైసలు తెచ్చేది అదే, ఎక్కువ తినేదీ అదే. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో అక్కడి యూనివర్సిటీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వవచ్చు. మొదటి ఏడాది పరిమితి ఒక్కో యూనివర్సిటీకి సుమారు 2.05 కోట్ల డాలర్లు. అందులో పెద్ద వాటా ఫుట్‌బాల్‌కే పోతుంది కాబట్టి మిగతా ఆటల మీద ఒత్తిడి పెరిగింది. ఆ ఒప్పందం కింద ఫుట్‌బాల్ జట్టులో 105 మంది దాకా ఉండొచ్చు, కుస్తీలో 30 మందే. మనం చూడాల్సింది మాత్రం తీసేసిన జట్లు తిరిగి ఎట్లా వచ్చాయన్నది. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ 2008లో కుస్తీని ఆపేసి, దాతలు ముందుకు రావడంతో కొద్ది రోజుల్లోనే మళ్లీ మొదలుపెట్టింది. స్టాన్‌ఫర్డ్ 2020 జులైలో కుస్తీతో కలిపి 11 ఆటలు ఆపుతామని ప్రకటించింది. పాత విద్యార్థులు పట్టు వదలకపోవడంతో 2021 మేలో నిర్ణయం వెనక్కి తీసుకుంది. రెండు చోట్లా ఆటను పట్టించుకునే పాతవాళ్లు ఉన్నారు, పైసలు కూడగట్టగలిగారు. అసలు పని అక్కడే మొదలవుతుంది.

మొదట పద్దు వేరు చేయించండి. కొత్త విద్యా సంవత్సరానికి బడ్జెట్ రాసేటప్పుడే పీడీ (ఆటల బాధ్యత చూసే ఫిజికల్ డైరెక్టర్), ప్రిన్సిపాల్ కూర్చుని కుస్తీకి మూడు పద్దులు రాయాలి: మ్యాట్ నిర్వహణ, ఉస్తాద్ గౌరవ వేతనం, ప్రయాణం. "ఇతర ఆటలు" అనే పద్దులో కలిపితే ఆ డబ్బు ఎవరు ముందు అడిగితే వాళ్లది. అడిగేటప్పుడు కూడా మొత్తం చెప్పకుండా ఒక్కో మల్లయోధుడికి ఏడాదికి ఎంత, క్రికెట్‌లో ఒక్కో ఆటగాడికి ఎంత అని పక్కపక్కన రాసి చూపించండి. కమిటీలో వాదించడానికి అంతకన్నా గట్టి కాగితం ఉండదు.

అన్నిటికన్నా పెద్ద ఖర్చు మ్యాట్. ఎక్కువ పొరపాట్లు జరిగేదీ అక్కడే. పోటీ మ్యాట్ 12 మీటర్లు × 12 మీటర్లు, మధ్యలో 9 మీటర్ల వ్యాసంతో వృత్తం. ప్రాక్టీసుకు అంత అక్కర్లేదు. 8 × 8 మీటర్లు, అంటే 64 చదరపు మీటర్లు సరిపోతుంది. 2 × 1 మీటర్ ముక్కలైతే 32 వస్తాయి. నాలుగు జోడీలు పట్లు సాధన చేయొచ్చు, నిజమైన కుస్తీకి మాత్రం ఒకేసారి రెండు జోడీలే. గోడకూ మ్యాట్ అంచుకూ మధ్య కనీసం ఒక మీటర్ వదలండి. అంత జాగా లేకపోతే గోడకు మనిషి ఎత్తున ప్యాడింగ్ కొట్టించాలి.

కొటేషన్లు మొత్తం ధరలో కాకుండా చదరపు మీటరుకు ఎంతని అడగండి. మందం, ఫోమ్ రకం, పైకవరు, రవాణా విడివిడిగా రాయమనండి. మందం 5 నుంచి 6 సెంటీమీటర్లు ఉండాలి. ప్యాకింగుకు వాడే మెత్తటి ఫోమ్ చవక, కానీ ఒక సీజన్‌లోనే గుంటలు పడుతుంది. తైక్వాండోకు వాడే, పళ్లతో కలిసే పలకలు కుస్తీకి పనికిరావు. ఎత్తి వేసినప్పుడు భుజానికి నేల తగులుతుంది, ముక్కల సందుల్లో కాలి వేళ్లు ఇరుక్కుంటాయి. ముక్కలు జరగకుండా చుట్టూ చెక్క ఫ్రేమ్ బిగించి, పైన ఒకటే వినైల్ కవరు లాగి కట్టాలి. కవరు ప్రతి వైపు అర మీటరు ఎక్కువ ఉంటేనే కిందికి మడవడానికి వస్తుంది.

వానాకాలంలో మ్యాట్ పాడయ్యేది కింది నుంచి. సిమెంటు నేల చెమ్మ ఫోమ్‌కు పట్టి బూజు వస్తుంది. నేల మీద మందపాటి ప్లాస్టిక్ షీటు, దాని మీద ప్లైవుడ్, ఆపై మ్యాట్. జులై నుంచి అక్టోబర్ దాకా నెలకోసారి ముక్కలు లేపి గోడకు ఆనించి గాలి తగలనివ్వాలి.

శుభ్రత ఖర్చు చిన్నదే, కానీ దాన్ని కొట్టేస్తే జట్టే మూలన పడుతుంది. తామర ఒకరికి వస్తే తొందరగా మిగతావాళ్లకూ అంటుకుంటుంది, సరిగ్గా పోటీల ముందు డాక్టర్ బరిలోకి దిగనివ్వడు. ప్రాక్టీసు అయిన ప్రతిరోజూ ముందు ఊడ్చి, లీటరు నీళ్లకు 10 మిల్లీలీటర్ల బ్లీచ్ ద్రావణం (5 శాతం క్లోరిన్ ఉన్నది) కలిపి తుడవండి. పది నిమిషాలు ఆగి మంచినీళ్లతో మళ్లీ తుడవండి, లేకపోతే వినైల్ పెళుసు బారుతుంది. బ్లీచ్‌లో యాసిడ్, టాయిలెట్ క్లీనర్ ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. బూట్లు మ్యాట్ దగ్గరే వేసుకోవాలి, బయట తిరిగిన బూట్లతో ఎక్కనివ్వొద్దు.

మ్యాట్ రోజుకు రెండు గంటలే వాడితే అది దండగ ఖర్చులా కనిపిస్తుంది. పొద్దున జూడో పిల్లలకు, మధ్యాహ్నం అమ్మాయిల ఆత్మరక్షణ తరగతులకు, సెలవుల్లో బడిపిల్లల శిబిరాలకు ఇవ్వండి. శిబిరం ఫీజు నేరుగా మ్యాట్ నిర్వహణ పద్దులో పడేలా ప్రిన్సిపాల్ చేత రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. అమ్మాయిల కుస్తీ జట్టు కూడా పెట్టండి. అదే మ్యాట్, అదే హాలు, అదనపు ఖర్చు దుస్తులు, ప్రయాణం, తోడుగా వెళ్లే మహిళా అధ్యాపకురాలు. దీనికి ఆటపరంగానూ న్యాయం ఉంది: మహిళల కుస్తీ 2004 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది, సాక్షి మలిక్ 2016లో కంచు పతకం తెచ్చింది.

దుస్తుల విషయం ఒక్క మాటలో: ప్రతి ఒక్కరికీ ఎరుపు ఒకటి, నీలం ఒకటి సింగ్లెట్ (ఒంటికి అతుక్కునే కుస్తీ దుస్తులు) ఉండాలి, కాలేజీ సొత్తుగా రిజిస్టర్‌లో రాసి సీజన్ చివర వెనక్కి తీసుకోవాలి. 150 కిలోల దాకా తూగే డిజిటల్ కాటా ఒకటి కొనండి. బరువు తెలియక పోటీ ఉదయం తూకంలో పోయిన పిల్లవాడి ప్రయాణ ఖర్చంతా వృథా.

ప్రయాణం దగ్గర సమస్య తేదీలది. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది, ఎంపిక ఉత్తర్వు మాత్రం పది పదిహేను రోజుల ముందు కూడా రాకపోవచ్చు. ఆలిండియా పోటీలు ఉత్తరాదిన పడితే కాజీపేట నుంచి ఢిల్లీ వైపు బండ్లలో స్లీపర్ దొరకదు. కాబట్టి పోటీ తేదీ ప్రకటించగానే గెలిచే అవకాశమున్నవాళ్ల పేర్లతో టికెట్లు తీసి, ఎంపిక కానివాళ్లవి రద్దు చేయండి. రద్దు ఛార్జీ పోయినా తత్కాల్‌కన్నా నయం. దీనికి కొంత డబ్బు ముందే చేతిలో ఉండాలి.

ఆ డబ్బు కోసమే చిన్న మూలనిధి. ఆరుగురికి, మనిషికి రానుపోను టికెట్లు, తిండి, బస కలిపి 7,000 అనుకుందాం, మొత్తం 42,000. బ్యాంకు వడ్డీ 7 శాతం ఉంటే, 6 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఏటా ఆ ఖర్చును మోస్తుంది. వంద మంది పాత విద్యార్థులు తలా నెలకు 250 ఇస్తే 24 నెలల్లో ఆ 6 లక్షలవుతుంది. ఒక్క పెద్ద దాత కోసం ఎదురుచూడటం కన్నా ఇది గట్టిది, ఒకరు ఆగిపోయినా మిగతా 99 మంది ఉంటారు. అసలును ముట్టకూడదన్న నియమం నిబంధనావళిలో రాయించండి.

నిధి కాలేజీ ఖాతాలో కాకుండా పాత విద్యార్థుల సొసైటీ పేరున ఉండటం మేలు. తెలంగాణ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద ఏడుగురు సభ్యులు చాలు. కంపెనీల చట్టం 2013లోని ఏడో షెడ్యూల్ గ్రామీణ, ఒలింపిక్ క్రీడల శిక్షణను సీఎస్‌ఆర్ (కంపెనీలు సామాజిక బాధ్యతగా పెట్టే) ఖర్చుగా ఒప్పుకుంటుంది, కానీ కొత్త సొసైటీ చేతికి ఆ డబ్బు రాదు. బయటి సంస్థకు మూడేళ్ల పని చరిత్ర, ఆదాయపు పన్ను శాఖ రిజిస్ట్రేషన్లు (ఇన్నాళ్లూ 12ఏ, 80జీ అని పిలిచేవి), కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 ఫారంతో నమోదు ఉండాలి. ఆ మూడేళ్లలో కంపెనీనే నేరుగా మ్యాట్ కొని కాలేజీకి ఇవ్వమని అడగండి. స్థానిక ప్రాంతానికే వాళ్లు మొదటి ప్రాధాన్యం ఇస్తారు. సింగరేణికి రాసేటప్పుడు భూపాలపల్లి, మందమర్రి, రామగుండం వైపు నుంచి వచ్చిన పిల్లల జాబితా జత చేయండి. ఉత్తరంలో ఒక్క వాక్యం తప్పక రాయండి: 2008 నుంచి 2024 దాకా ప్రతి ఒలింపిక్స్‌లో మన దేశానికి కుస్తీ పతకం వచ్చింది.

కామారెడ్డి జిల్లా బిచ్కుంద, జుక్కల్ వైపు జాతరల్లో గెలిస్తే కొబ్బరికాయ ఇచ్చే కుస్తీతో మొదలై వెండి కడెం బహుమతి దాకా పోటీలు నడుస్తాయి. అక్కడ పిల్లలు గెలుచుకున్నది పిల్లలదే, జట్టు ఖాతాకు వాటా అడగొద్దు. గ్రామ కమిటీని మాత్రం ఏడాదికి ఒక సింగ్లెట్ జత ఇవ్వమని అడగొచ్చు. ఇంటర్ కాలేజియేట్ పోటీలకు ముందు మూడు వారాలు జాతర కుస్తీలకు పంపకండి, మట్టిలో మెలిపడ్డ మోకాలు ఆ సీజన్‌కు కోలుకోదు.

చివరి పని మార్చిలో. మ్యాట్ లేపి కింది వైపు తీసిన ఫొటో, టికెట్ల జిరాక్సులు, వడ్డీ జమ చూపే బ్యాంకు స్టేట్‌మెంట్, పిల్లల బరువులు, ఫలితాలు రెండు పేజీల్లో కుట్టి ప్రిన్సిపాల్‌కు, డబ్బు ఇచ్చిన ప్రతి ఒక్కరికీ పంపాలి. వచ్చే ఏడాది బడ్జెట్ సమావేశానికి ముందే అది వాళ్ల బల్ల మీద ఉండాలి.