1949 నాటి హాట్ రాడ్ మోడల్ ఎలా చేయాలి?

హాట్ రాడ్ అంటే వేగం కోసం మార్చుకున్న పాత కారు; ఇక్కడ చేసేది దాని చిన్న ప్లాస్టిక్ నమూనా. ముందు సంవత్సరం తేల్చుకోండి. "పాతకాలం బండి" అనుకుంటే చాలదు. నేనైతే 1949 దగ్గరే ఆగమంటాను. బోన్‌విల్ ఉప్పు మైదానంలో (అమెరికాలోని యూటా) స్పీడ్ వీక్ అనే కార్ల వేగ పోటీ మొదటిసారి జరిగింది ఆ ఏడే. అప్పటికే కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఫోర్డులు కొని, మడ్‌గార్డులు పీకేసి, ఎల్ మిరాజ్ లాంటి ఎండిన సరస్సుల్లో పందేలు వేసుకునేవాళ్లు. షెవర్లే స్మాల్ బ్లాక్ వీ8 ఇంజిన్ వచ్చింది 1955లో. అది కిట్‌లో ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టాల్సిందే. డిస్క్ బ్రేకులు, రేడియల్ టైర్లు కూడా అంతే. చక్కగా రంగేసిన మోడల్ కూడా ఒక్క తప్పు చక్రంతో పాడైపోతుంది.

కావలసినవి: 1/25 స్కేల్ (అసలు కారులో 25వ వంతు) 1932 ఫోర్డ్ కూపే (రెండు తలుపుల కారు) కిట్, సన్న రంపం, చిన్న ఆకురాళ్లు, మాస్కింగ్ టేప్, పల్చటి ప్లాస్టిక్ సిమెంట్, కొన్ని స్టైరీన్ (ప్లాస్టిక్) పట్టీలు.

ఇంజిన్, ఛాసిస్ తేలిక. ఫ్లాట్‌హెడ్ వీ8 (ఆ కాలపు ఫోర్డ్ ఇంజిన్) మీద రెండు స్ట్రామ్‌బర్గ్ 97 కార్బ్యురేటర్లు పెట్టండి. 16 అంగుళాల స్టీల్ చక్రాలు, ముందు సన్న టైర్లు, వెనక లావు టైర్లు. వెనక లైట్లు 1939 ఫోర్డువి, నీటిబొట్టు ఆకారంలో ఉండేవి. వేరేవి వద్దు.

ఇక అసలు పని, పైకప్పు దించడం. దీన్నే చాపింగ్ అంటారు. ఎక్కువమంది బండిని పాడుచేసేది ఇక్కడే. 1/25 స్కేల్‌లో అసలు కారు అంగుళం దాదాపు 1 మిల్లీమీటరు. 3 అంగుళాలు దించాలంటే 3 మిల్లీమీటర్లే కోయాలి, అంతకు మించి వద్దు. 6 మిల్లీమీటర్లు కోసేస్తే కిటికీలు చీలికల్లా మిగులుతాయి. ఈ బండిని ఒక మనిషి నడపాలి, రోడ్డు కనపడాలి. అది మర్చిపోతే మోడల్ కాదు, కార్టూన్ అవుతుంది.

రంపం పట్టే ముందు బాడీ లోపల, కిటికీల కింద అడ్డంగా ఒక స్ప్రూ (కిట్ భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ కాడ) ముక్క అంటించండి. లేకపోతే పైకప్పు ఊడగానే పక్కలు వంగిపోతాయి. 3 మిల్లీమీటర్ల టేపును అన్ని పిల్లర్లకీ (పైకప్పును మోసే స్తంభాలకీ) ఒకే ఎత్తులో, వెనక వైపు కూడా చుట్టండి. టేపు రెండు అంచులే మీ గీతలు, సరిగ్గా వాటి మీద కోయకండి. టేపు లోపలి వైపు కోసి, మిగిలింది ఆకురాయితో గీత దాకా అరగదీయండి. ఎక్కువ కోస్తే తిరిగి రాదు. సన్నగా ఉండే ముందు పిల్లర్లను మొదట కోయండి, అప్పటికి పైకప్పును వెనక భాగం గట్టిగా పట్టుకుని ఉంటుంది. వెనక భాగం చివర్లో.

ఇప్పుడు పైకప్పు పెట్టి చూస్తే ఎక్కడా సరిగ్గా కలవదు. కంగారు పడకండి. ముందు పిల్లర్లు పైకి వెళ్లేకొద్దీ వెనక్కి వాలుతాయి, వెనక భాగం ముందుకు వాలుతుంది. మధ్యలో 3 మిల్లీమీటర్లు తీసేస్తే పైకప్పు పొట్టిదైనట్టే. కొందరు పైకప్పును అడ్డంగా కోసి, ముందూ వెనకా రెండు ముక్కలు చేసి మధ్యలో పట్టీ అతుకుతారు. ఇంత చిన్న కోతకు అదంతా అక్కర్లేదు. వెనక అంచు సరిగ్గా కలిపి, ముందు పిల్లర్ల అడుగున లోపలి నుంచి చిన్న గాటు పెట్టి, వాటినే కాస్త వెనక్కి వంచండి. పుట్టీతో కప్పెయ్యాలని మాత్రం చూడకండి. ఎండాక కుంగి, రంగు కిందనుంచి గీత బయటపడుతుంది. లోపల స్టైరీన్ పట్టీ ఆనించి, సిమెంటు ఒక్కో చుక్క వేసి, రాత్రంతా వదిలేయండి. అంతకుముందే ఎదురుగా కూర్చుని రెండు వైపుల కిటికీల ఎత్తు స్కేలుతో కొలవండి. అర మిల్లీమీటరు తేడా ఉన్నా బండి వంకరగా కనిపిస్తుంది.

విండ్‌షీల్డ్ ఫ్రేమును కూడా అంతే తగ్గించాలి. రంగు నిగనిగలాడే నలుపు, పల్చటి పొరలు. మెరుపు రేకుల రంగులు తర్వాతి కాలానివి. కిట్ అద్దాలు ఇక సరిపోవు కాబట్టి పారదర్శక షీటు నుంచి కొత్తవి కత్తిరించి, రంగు పూర్తిగా ఆరాక తెల్ల జిగురుతో అంటించండి. సూపర్ గ్లూ ఆవిరికి అద్దం మసకబారిపోతుంది.